కొత్త శ్రోత – శాస్త్రీయ సంగీతం

శాస్త్రీయ సంగీతాన్ని కొత్తవారికి పరిచయం చెయ్యడానికి తెలుగులో వచ్చిన వ్యాసాలూ ప్రసంగాలూ చూస్తే అవి ప్రధానంగా రెండు రకాలుగా కనిపిస్తాయి. మొదటి రకం స్తోత్రం. సంగీతం దివ్యమనీ, నాదం బ్రహ్మమనీ, త్యాగరాజు పాడుతూ ఉంటే శ్రీరాముడు ప్రత్యక్షమయ్యాడనీ చెప్పి, చదివేవాడు చేతులు జోడించేటట్టు చేస్తుంది. రెండో రకం వ్యాకరణం. సప్తస్వరాలు, 12 స్వరస్థానాలు, 35 తాళాలు, 72 మేళకర్తలు వరసగా అప్పజెప్పి, చదివేవాడు పుస్తకం మూసేటట్టు చేస్తుంది. మొదటిది చదివినవాడికి భక్తి మిగులుతుంది, రెండోది చదివినవాడికి భయం మిగులుతుంది. సంగీతం ఇద్దరికీ మిగలదు.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి, సంగీత విద్వాంసుణ్ణి కాను. ఈ విషయం మీద మాట్లాడడానికి నాకున్న అర్హత ఒక్కటే. పద్యం అంటే మొహం తిప్పుకునే పిల్లలకు పద్యం చెప్పి, వాళ్ళలో కొందరికైనా దాని మీద ఇష్టం కలిగించడం నా రోజువారీ పని. పద్యానికి జరిగిన అన్యాయమే కీర్తనకూ జరుగుతున్నదని నా అభిప్రాయం. ఉత్పలమాల గణాలతో పాఠం మొదలుపెట్టే పంతులు పద్యాన్ని ఎట్లా చంపుతాడో, ఈ రాగం ఎన్నో మేళకర్తకు జన్యమో చెప్పి మొదలుపెట్టే సంగీతజ్ఞుడు కీర్తనను అట్లాగే చంపుతాడు. గణాలు అక్కర్లేదని నేననడం లేదు. పద్యం నడక చెవిని పట్టిన తర్వాత గణాలు చెబితే, అప్పటికే విన్నదానికి అవి పేర్లవుతాయి. ముందే చెబితే మోతబరువవుతాయి.

ఇంతకూ ఈ కొత్త శ్రోత ఎవరు? అతను నిజంగా కొత్తవాడేనా? పెళ్ళిపందిట్లో సన్నాయి విన్నాడు. పౌరాణిక నాటకంలో హార్మోనియం మీద రాగం తీసి పాడిన పద్యాలు విన్నాడు. అతని ఇంట్లో పెద్దవాళ్ళు విజయవాడ రేడియోలో తెల్లవారుజామున భక్తిరంజని వింటూ పనులు చేసుకున్నారు. సినిమా పాటలైతే చెప్పనే అక్కర్లేదు. శాస్త్రీయ సంగీతంలో సగం ముడిసరుకు అతని చెవిలో ముందే ఉంది. అది అక్కడ ఉన్నదన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. పైగా ఇది తనకు సంబంధించింది కాదని పదిమందీ పది రకాలుగా చెప్పారు.

ఇందులో ఒక చారిత్రక వైపరీత్యం కూడా ఉంది. త్యాగరాజు (1767–1847) కావేరి ఒడ్డున తిరువయ్యారులో బతికి, తన కీర్తనల్లో అత్యధిక భాగం తెలుగులోనే రాశాడు. శ్యామశాస్త్రి కూడా ఎక్కువగా తెలుగులోనే రాశాడు. 1904లో సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే మహాగ్రంథాన్ని తమిళదేశంలోని ఎట్టయపురంలో అచ్చువేస్తే, అది తెలుగు గ్రంథంగా, తెలుగు లిపిలో వచ్చింది. 1940 తర్వాత అక్కడి శ్రోతలు, తమ కచేరీల నిండా తమకు అర్థం కాని తెలుగు పాటలే ఉన్నాయని ఉద్యమం లేవదీశారు. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం పుట్టింది ఆ ఉద్యమంలోంచే. వాళ్ళ న్యాయం వాళ్ళది. మాతృభాషలో పాట వినాలని కోరుకోవడంలో తప్పేముంది? ఆ పాటలు ఎవరి మాతృభాషలో ఉన్నాయో ఆ తెలుగువాడు మాత్రం, మాట అర్థమయ్యే సౌకర్యం ఉండి కూడా, వాకిట్లోనే నిలబడి ఉండిపోయాడు.

అతన్ని వాకిట్లో నిలబెట్టినవాళ్ళలో సంప్రదాయవాదులే కాదు, మనవాళ్ళూ ఉన్నారు. శాస్త్రీయ సంగీతం భూస్వామ్య సంస్కృతి అవశేషమనీ, గుడినీ దర్బారునూ నమ్ముకొని పెరిగిన కళ అనీ, శ్రమజీవికి దాంతో పనిలేదనీ మన మిత్రులు కొందరు తీర్పు చెప్పి ఊరుకున్నారు. గుడినీ దర్బారునూ నమ్ముకొని పెరిగిన మాట నిజమే. మరి మన ప్రబంధాలు ఎక్కడ పెరిగాయి? భువనవిజయం రైతుల పంచాయతీ కాదు గదా! అయినా మనం మనుచరిత్రను చదువుతున్నాం, విమర్శిస్తున్నాం, పాఠంగా చెబుతున్నాం. పద్యానికి ఇచ్చిన ఈ న్యాయం పాటకు ఎందుకు ఇవ్వలేదంటే, పద్యాన్ని మనం చదవగలం, సంగీతాన్ని వినడం మనకు రాదు. రానిదాన్ని అక్కర్లేనిదిగా చెప్పుకోవడం అభ్యుదయ దృక్పథం అనిపించుకోదు. ఈ ఉదాసీనత వల్ల సంగీతానికి వచ్చిన నష్టంకన్నా మనకు వచ్చిన నష్టం ఎక్కువ. తెలుగు మాట సాధించిన ఒక పెద్ద విజయాన్ని అర్థం చెప్పే పని పూర్తిగా ప్రవచనకారులకు వదిలేసి కూర్చున్నాం.

సరే, అయితే ఎక్కడ మొదలుపెట్టాలి? బాగా తెలిసినదాంతోనే మొదలుపెట్టాలని నా సూచన. ప్రసిద్ధమైన కృతి అంటే పండితులకు చిన్నచూపు ఉండవచ్చు. వాళ్ళు అపురూప రాగాలు వెతుక్కుంటారు. కొత్తవాడికి కావలసింది అపురూపం కాదు, పరిచితం.

ఉదాహరణకు మోహన రాగం తీసుకుందాం. 'మాయాబజార్' (1957)లో 'లాహిరి లాహిరి లాహిరిలో' పాట వినని తెలుగువాళ్ళు అరుదు. సాలూరి రాజేశ్వరరావు బాణీకి ఘంటసాల, లీల పాడిన ఆ పాట మోహనలో ఉంది. 'ఘర్షణ' (1988)లో ఇళయరాజా చేసిన 'నిన్ను కోరి వర్ణం' కూడా మోహనే. ఆ పాటకు ఎత్తుగడ సంగీతం నేర్చుకునే పిల్లలందరూ పాడే మోహన వర్ణం. దాన్ని కట్టినవాడు రామనాథపురానికి చెందిన శ్రీనివాస అయ్యంగార్, అందులోని మాటలు తెలుగు. ఈ రెండు పాటలనూ ఒకదాని వెంట ఒకటి రెండు మూడుసార్లు వినిపించి, ఆ తర్వాత త్యాగరాజు 'నను పాలింప' వినిపించండి. రాగం పేరు ముందు చెప్పకండి. మూడింటిలోనూ ఏదో ఒక పోలిక ఉన్నదని శ్రోత తనంతట తాను పట్టుకుంటాడు. ఆ పోలికకే రాగమని పేరని అప్పుడు చెప్పండి. సరిగమపదనిసల్లో మధ్యమం, నిషాదం లేకుండా ఐదు స్వరాలతోనే ఇది నడుస్తుందని ఆ తర్వాత చెప్పండి. నిర్వచనం మొదట చెబితే కంఠస్థం చెయ్యవలసిన మాట అవుతుంది, చివర చెబితే తాను కనిపెట్టినదానికి ధ్రువీకరణ అవుతుంది.

కాని సినిమా పాట దగ్గరే ఆగితే ఇది పోలికలు వెతికే ఆటగా మిగిలిపోతుంది. ఈ పాట ఏ రాగం, ఆ పాట ఏ రాగం అని జాబితాలు రాసుకోవడమే రసజ్ఞత అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. రాగం గుర్తుపట్టడం అంటే పద్యం చూసి ఇది కందమో సీసమో చెప్పడం వంటిది. అది అవసరమే గాని, పద్యం చదవడమంటే అంతే కాదు. కాబట్టి రెండో మెట్టు కీర్తన నిర్మాణం.

ఇందుకు కల్యాణి రాగంలోని 'నిధి చాల సుఖమా' కన్నా మంచి కీర్తన నాకు కనిపించలేదు. మా బడిలో పదో తరగతి పిల్లలకు దీన్ని వినిపించినప్పుడు మొదట సాహిత్యం నల్లబల్ల మీద రాశాను. పాట మొత్తం మనసును అడిగే ప్రశ్నలే. ధనం సుఖమా, రాముడి దగ్గరుండడం సుఖమా అని పల్లవిలో అడుగుతాడు. అనుపల్లవిలో పాలూ వెన్నా ఒకవైపు, ధ్యానం ఒకవైపు పెట్టి ఏది రుచి అంటాడు. చరణంలో మంచి నీటి స్నానం, బురదబావి స్నానం పక్కపక్కన పెడతాడు. చివరికి మనిషిని పొగడడం సుఖమా, దేవుణ్ణి కీర్తించడం సుఖమా అన్నచోటికి వస్తాడు. తక్కెడకు రెండు పళ్ళాలు ఉన్నట్టు ప్రతి పాదానికీ రెండు వైపులు. ఈ సంగతి పిల్లలకు చెప్పనక్కర్లేదు, చదవగానే వాళ్ళే చెబుతారు. పల్లవిలోనూ అనుపల్లవిలోనూ రెండో అక్షరం ప్రాస కూడా వాళ్ళే పట్టుకుంటారు, ఎందుకంటే అది మనం పద్యంలో నేర్పినదే.

ఆ తర్వాత తాళం. ఇది మిశ్రచాపు, ఏడు మాత్రల నడక. 'తకిట తకధిమి' అంటూ మూడూ నాలుగుగా చెయ్యి తట్టమంటే పిల్లలు రెండు నిమిషాల్లో తడతారు. తర్వాత పాట వినిపిస్తే వాళ్ళకు మొదట తోచే సందేహం: "సార్, అదే లైను మళ్ళీ మళ్ళీ ఎందుకు పాడుతున్నారు?"

కొత్త శ్రోత విసుగుకు మూలకారణం ఈ ప్రశ్నలోనే ఉంది. మన పరిచయ వ్యాసాలు జవాబు చెప్పనిది కూడా దీనికే. అదే పాదం మళ్ళీ వస్తున్నమాట నిజమేగాని, అదే బాణీ రావడం లేదు. ప్రతిసారీ చిన్న మార్పు జరుగుతున్నది. మొదటిసారి సాదాగా ఉన్నచోట రెండోసారి ఒక మలుపు, మూడోసారి ఆ మలుపు మీద ఇంకో మలుపు. వీటినే సంగతులు అంటారు. సంగతులను ఈ విధంగా మెట్టు మీద మెట్టుగా పేర్చి కీర్తనకు ప్రాణం చెయ్యడం త్యాగరాజు గొప్పతనమని సంగీతజ్ఞులు అంగీకరిస్తారు. ప్రశ్నగా ఉన్న పాదానికి సంగతులు పడితే, అడిగే మనిషి అడిగినకొద్దీ పట్టుబిగించి అడుగుతున్నట్టు ఉంటుంది. పునరుక్తి దోషమని మనం పద్యంలో చెప్పేది ఇక్కడ నిర్మాణసూత్రం. ఈ ఒక్క విషయం తెలిస్తే శ్రోత రెండో పాదం కోసం ఎదురుచూడడం మాని, మొదటి పాదంలో ఏం మారిందో వింటాడు. వినడం అక్కడ మొదలవుతుంది.

ఇంకొకటి. త్యాగరాజు కీర్తనల్లో చాలావాటికి చరణం ఉత్తరార్ధం అనుపల్లవి బాణీలోనే నడుస్తుంది. ఈ కీర్తనలోనూ అంతే. నేను ఈ సంగతి చెప్పకుండా రెండోసారి వినిపిస్తే, వెనక బెంచీలో కూర్చున్న ఒక పిల్ల "ఇందాక పాలూ వెన్నా అన్నప్పటి రాగమే గదా సార్" అన్నది. రాగమన్న మాటను ఆ పిల్ల బాణీ అనే అర్థంలో వాడింది. మాట తప్పు, చెవి ఒప్పు. ఆ పోలిక వృథాగా రాలేదు. పాల రుచిని తూచిన బాణీలోనే ఇప్పుడు నరస్తుతిని తూస్తున్నాడు కవి. మాటా బాణీ ఇట్లా ఒకదానికొకటి సాక్ష్యం చెప్పడం సాహిత్య విమర్శకుడు పట్టించుకోదగిన విషయం కాదా? వాగ్గేయకారుణ్ణి సాహిత్య చరిత్రలో ఒక మూల కూర్చోబెట్టి పేరు మాత్రం చెప్పే అలవాటు మనం మానుకోవాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. దేవుడి మీద నమ్మకం లేనివాడు ఈ కీర్తన ఎందుకు వినాలి? పోతనను ఎందుకు చదవాలో అందుకే వినాలని నా జవాబు. త్యాగరాజు రాముడితో మాట్లాడే మాటల్లో ఎదురుచూపు ఉంది, అలక ఉంది, దెప్పిపొడుపు ఉంది, సందేహం ఉంది. ఇవన్నీ మనిషి మనిషితో అనుభవించే భావాలే. సంబోధన దేవుడికి అయినంత మాత్రాన అనుభవం మనిషిది కాకుండా పోదు. అట్లాగని ఆయనను మనవాడిగా చేసేసుకోవడమూ తగదు. తంజావూరు రాజు కానుకలను తిరస్కరించి ఈ కీర్తన పాడాడని ఐతిహ్యం. అది పట్టుకొని త్యాగరాజును రాచరికం మీద తిరగబడ్డ వీరుడిగా చిత్రించే ఉత్సాహం మనలో కొందరికి ఉంది. ఆయన రాజును వద్దన్నది దేవుడి కోసం, ప్రజల కోసం కాదు. ఉంఛవృత్తితో బతికిన ఆ మనిషిలో ఆత్మాభిమానం ఉంది. దాన్ని గౌరవించడానికి అదే చాలు, లేని విప్లవాన్ని అంటగట్టనక్కర్లేదు.

మూడో మెట్టు చరిత్ర. కొత్తవాణ్ణి బెదరగొట్టే భ్రమల్లో పెద్దది ఈ సంగీతం అనాదిగా, మైలపడకుండా, ఒక కులంవాళ్ళ ఇళ్ళలో భద్రంగా వచ్చిందనే భ్రమ. వాస్తవం వేరు. ఈనాడు ఏ కచేరీ అయినా వయొలిన్ లేకుండా ఉన్నదా? అది ఐరోపా వాద్యం. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశాడు. అందులో ఒకటి ఇంగ్లండు జాతీయగీతం బాణీయే. అన్నమయ్య (1408–1503) సంకీర్తనలకు రాగిరేకుల మీద రాగాల పేర్లు ఉన్నాయిగాని, ఈనాడు మనం వినే బాణీల్లో ఎక్కువభాగం 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కట్టినవి. ప్రకాశం జిల్లా కరవదిలో ముస్లిం కుటుంబంలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) నాదస్వర చక్రవర్తి అనిపించుకొని శ్రీరంగంలో స్థిరపడ్డాడు. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి మీద మందిరం కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). ఆమె దేవదాసీ కుటుంబంలో పుట్టిన స్త్రీ. ముద్దుపళని 'రాధికాసాంత్వనం'ను 1910లో ప్రచురించి, ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్నదీ ఆమే. ఆరాధనలో స్త్రీలు పాడడానికి వీల్లేదంటే స్త్రీల బృందాన్ని విడిగా కూర్చి పాడించింది. క్షేత్రయ్య పదాలు ఈనాటికి నిలిచాయంటే మద్రాసులో వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంటి స్త్రీల గొంతుల్లో నిలిచినందుకు వాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. దేవదాసీ వ్యవస్థ పోవలసిందే, 1947 చట్టం రావలసిందే. కాని ఆ స్త్రీల విద్యను తీసుకొని, వాళ్ళను మాత్రం బయట నిలబెట్టిన సభల చరిత్ర కూడా చెప్పవలసిందే.

ఈ దృష్టితో 'శంకరాభరణం' (1980)ను మళ్ళీ చూడాలి. కొత్తవారికి శాస్త్రీయ సంగీతాన్ని పరిచయం చెయ్యడంలో ఆ సినిమా చేసినంత పని తెలుగులో మరేదీ చెయ్యలేదు. రామదాసు ఆనందభైరవి కీర్తననూ, మైసూరు వాసుదేవాచార్యుల ఖమాసు కృతినీ అది మారుమూల పల్లెకు చేర్చింది. శాస్త్రీయ సంగీతంలో పద్ధతిగా శిక్షణ పొందని బాలసుబ్రహ్మణ్యం గొంతుతో ఆ పని జరగడం ఇంకా విశేషం. విశ్వనాథ్‌కూ, మహదేవన్‌కూ ఈ గౌరవం ఇచ్చిన తర్వాతే మిగతా మాట అనాలి. ఆ సినిమా సంగీతాన్ని అందించినంత ఉదారంగా దాని చరిత్రను అందించలేదు. వేశ్య కూతురు తులసి అందులో గొప్ప నర్తకి. అయినా ఆమె జీవితానికి సార్థకత గురువు పాదాల దగ్గర ప్రాణం విడవడంలోనే ఉన్నట్టు కథ నడిచింది. నాగరత్నమ్మ, ధనమ్మాళ్ వంటి వాస్తవ స్త్రీలు ఎవరి పాదాల దగ్గరా చతికిలబడినవాళ్ళు కారు, విద్వాంసులకే విద్వాంసులు. పాశ్చాత్య సంగీతం పాడే కుర్రకారును శాస్త్రిగారు నిలదీసే దృశ్యానికి హాలు చప్పట్లు కొట్టింది. దీక్షితుల నొట్టుస్వరాల సంగతి తెలిస్తే ఆ చప్పట్లు కాస్త నెమ్మదించేవి. సినిమా చూసి బయటికి వచ్చిన ప్రేక్షకుడు నాలుగు మంచి పాటలతోపాటు, ఈ సంగీతం తన వంటివాడు దూరంనుంచి దణ్ణం పెట్టవలసింది అనే అభిప్రాయాన్ని కూడా వెంట తెచ్చుకున్నాడు. పరిచయం ఒక చేత్తో తలుపు తీసి ఇంకో చేత్తో గొళ్ళెం పెట్టింది.

చోటు మార్చే ప్రయత్నాలు ఇటీవల జరిగాయి. గాయకుడు టి.ఎం. కృష్ణ, ఆయన మిత్రులు 2015లో చెన్నైలో ఊరూర్ ఆల్కాట్ కుప్పం అనే మత్స్యకారుల పేటలో సంగీతోత్సవం జరిపారు. మంచిపనే. కచేరీ సభలోంచి పేటకు రావడం అవసరం. అయితే చోటు మారినంత మాత్రాన చెవి సిద్ధమైపోదు. పేటకు వచ్చిన కీర్తనలో మాట ఏమిటో, సంగతి ఏమిటో పక్కన కూర్చుని చెప్పేవాళ్ళు ఉండాలి. తెలుగుదేశంలో ఆ చెప్పేవాళ్ళు సంగీతజ్ఞులే అయి ఉండనక్కర్లేదు. మాట తెలిసిన రచయితలూ, తెలుగు ఉపాధ్యాయులూ, విద్యార్థులూ ఆ పని చెయ్యగలరు.

చెయ్యవలసింది కూడా అంత పెద్దదేమీ కాదు. వారానికి ఒక్క కీర్తన చాలు, పది అక్కర్లేదు. సాహిత్యం కాగితం మీద ఉండాలి. ప్రతిపదార్థం అక్కర్లేదుగాని తాత్పర్యం చెప్పాలి. అదే కీర్తనను ఇద్దరు గాయకుల గొంతులో వినిపించి, ఎవరు మాటను ఎక్కడ విరిచారో అడగాలి. తాళం కోసం తెలుగు మాటను నడిమికి విరిచి పాడే గాయకులు ప్రసిద్ధుల్లోనే ఎందరో ఉన్నారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) తెలుగు మాటను ఎంత శుభ్రంగా పలికాడో అప్పుడు పోల్చి చూపవచ్చు. తర్వాత అదే రాగాన్ని చినమౌలానా నాదస్వరం మీద, మాట లేకుండా వినిపించాలి. మాటతో మొదలుపెట్టినవాడు మాట లేని సంగీతంలో నిలబడగలిగితే పరిచయకర్త పని అక్కడికి అయిపోయినట్టే. ఆపైన అతనికి ఏది నచ్చాలో, ఏది నచ్చకూడదో చెప్పే అధికారం మనకు లేదు.

త్యాగరాజు బాగాలేదని అతను అన్నా నాకు అభ్యంతరం లేదు. కాని విని అనాలి. వినకుండా మొక్కేవాడికీ, వినకుండా కొట్టిపారేసేవాడికీ ఈ విషయంలో నాకు పెద్ద తేడా కనిపించడం లేదు. మొక్కేవాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. కొట్టిపారేసేవాళ్ళు మన సంఘాల్లో, మన పత్రికల్లో ఉన్నారు కనక వాళ్ళతో మాట్లాడడం మన బాధ్యత. శ్రమజీవికి మంచి కవిత్వం అర్థం కాదన్నప్పుడు మనం ఒప్పుకోలేదు. మంచి సంగీతం అర్థం కాదన్నప్పుడు మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?